పుస్తకంలో కొండ, తెర మీద కొండ

మన్యంలోని హుకుంపేట వారపు సంతలో కాసేపు నిలబడితే చాలు, కనీసం మూడు భాషలు చెవిన పడతాయి. బేరం తెలుగులో మొదలవుతుంది. ధర ఎక్కువైందని ఇద్దరు ఆడవాళ్లు పక్కకు తిరిగి కోందుల భాష కువిలో మాట్లాడుకుంటారు. ఇంకో మూల ఆదివాసీ ఒడియా వినిపిస్తుంది. ఈ సంతను నవలలో పెట్టదలచుకున్న తెలుగు రచయిత ఆ మూడింటినీ తెలుగులోనే రాయాలి. మహా అయితే అక్కడక్కడ ఒక కువి మాట వేసి, పక్కనే దాని అర్థం చెప్పగలడు. సినిమాకు ఆ కట్టుబాటు లేదు. మైకు పెడితే మూడు భాషలూ మూడుగానే వినిపిస్తాయి, కింద తెలుగు అక్షరాలు వేస్తే సరిపోతుంది. నవలనూ దాని మీద తీసిన సినిమానూ పోల్చి చూడటం మనకు కొత్త కాదు. కానీ ఈ కొండల మీది నుంచి చూస్తే నాకు అన్నిటికన్నా ముందు కనబడేది ఇదే. అడవి మనుషుల విషయంలో పుస్తకం చెయ్యలేని ఒక పని సినిమా చెయ్యగలదు. మన సినిమా ఇంతవరకూ ఆ పనికి దాదాపు పూనుకోలేదు.

మామూలుగా ఈ పోలిక ఎలా సాగుతుందో అందరికీ తెలుసు. ఏ సన్నివేశం తీసేశారు, ఏ పాత్రను కలిపారు, ముగింపు ఎందుకు మార్చారు అని లెక్క చూస్తాం. తెలుగులో ఒక కాలానికి ఈ లెక్క సరిపోయింది. 1960ల నుంచి 1980ల దాకా నవల చదివేవాళ్లూ సినిమా చూసేవాళ్లూ చాలావరకు ఒకే ఇంటివాళ్లు. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’ అయింది. యద్దనపూడి సులోచనారాణి ‘జీవన తరంగాలు’, ‘మీనా’ రెండూ 1973లోనే తెర మీదికి వచ్చాయి, ‘సెక్రటరీ’ 1976లో. ‘మీనా’ కథ ఎంత గట్టిదంటే 2016లో వచ్చిన ‘అ ఆ’ కూడా దాని నీడలోనే నడిచింది. యండమూరి వీరేంద్రనాథ్ ‘అభిలాష’ 1983లో సినిమా అయ్యాక ఆయన నవలల కోసం నిర్మాతలు ఎదురుచూసే రోజులు వచ్చాయి. వారం వారం పత్రికలో అచ్చయ్యే సీరియల్‌కు ప్రతి భాగం చివరా ఒక మలుపు ఉండాలి. తెరకు కావలసింది కూడా అదే కాబట్టి ఆ నవలలు సినిమాలోకి సులువుగా ఒదిగాయి. పైగా వాటికి ఫలానా ఊరే కావాలన్న పట్టు లేదు. మేడ, ఆఫీసు, కారు ఉంటే కథ ఎక్కడైనా జరుగుతుంది.

మనసు లోపల జరిగే నవలలకు మాత్రం తెర కష్టమైంది. విశ్వనాథ సత్యనారాయణ ‘ఏకవీర’ను 1969లో సి.ఎస్. రావు తీశారు. ఎన్.టి. రామారావు, కాంతారావు నటించారు, సి. నారాయణరెడ్డి మాటలు రాశారు. అంతమంది పెద్దలు చెయ్యి వేసినా, నవలలో పాత్రలు తమలో తాము పడే ఘర్షణ సినిమాలో సంభాషణగా మారేసరికి పలచబడింది. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ సంగతి మరీ విచిత్రం. అదే పేరుతో 1960లో సావిత్రి నటించిన సినిమా వచ్చింది. దానికి మూలం ఒక బెంగాలీ సినిమా. నవలా నాయకుడు దయానిధి కథకూ దానికీ సంబంధం లేదు. వంశీ తన నవల ‘మహల్లో కోకిల’ను తానే 1984లో ‘సితార’గా తీసి జాతీయ అవార్డు తెచ్చుకున్నాడు. రాసినవాడే తీస్తే ఏం జరుగుతుందో చెప్పడానికి తెలుగులో అదొక మంచి ఉదాహరణ. ఆయన నవలలోని వాక్యాలకు అంటిపెట్టుకోలేదు, వాటి వెనక ఉన్న ఊహను పట్టుకున్నాడు.

ఇక అడవి విషయానికి వస్తే, జనాదరణ పొందిన నవల అడవికి చేసిన అన్యాయం ముందు చెప్పుకోవాలి. ‘తులసిదళం’ వంటి క్షుద్రశక్తుల నవలలు, వాటి వెంట 1986లో వచ్చిన ‘కాష్మోరా’ లాంటి సినిమాలు అడవిని చేతబడికి పుట్టిల్లుగా తెలుగు పాఠకుల మనసులో ముద్ర వేశాయి. మైదానంలో చదివేవాళ్లకు అది రాత్రి పూట కలిగే భయం, అంతవరకే. ఏజెన్సీలో చిల్లంగి (చేతబడి) పెట్టారన్న అనుమానం మనుషుల ప్రాణాలు తీసింది, ఊళ్లోంచి కుటుంబాలను వెళ్లగొట్టింది. ఒక పక్క ఆరోగ్య కార్యకర్తలూ ఉపాధ్యాయులూ ఆ అనుమానాన్ని పోగొట్టడానికి నానా తంటాలు పడుతుంటే, ఇంకో పక్క నవలా సినిమా రెండూ కలిసి ఆ భయాన్నే అమ్ముకున్నాయి. ఈ ఒక్క విషయంలో నవల గొప్పదా సినిమా గొప్పదా అన్న ప్రశ్న నాకు పుట్టదు. రెండూ ఒకే తప్పు చేశాయి.

అడవిని నిజంగా ప్రేమించి రాసిన నవల, దాని మీద తీసిన సినిమా పక్కపక్కన పెట్టి చూడాలంటే ‘కొండపొలం’ ఉంది. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి కడప జిల్లా రచయిత. ఆయన నవలకు 2019లో తానా నవలల పోటీ బహుమతి వచ్చింది. కరువు కాలంలో మేత దొరక్క రాయలసీమ గొర్రెల కాపరులు మందలను తోలుకుని వారాల తరబడి నల్లమలలోకి పోవడాన్ని కొండపొలం అంటారు. చదువుకుని ఉద్యోగం దొరకని కుర్రవాడు తండ్రి వెంట ఆ ప్రయాణం చేస్తాడు. క్రిష్ దర్శకత్వంలో 2021 అక్టోబరు 8న సినిమా విడుదలైంది. వైష్ణవ్ తేజ్ కథానాయకుడు, రకుల్ ప్రీత్ సింగ్ ఓబులమ్మ, కీరవాణి సంగీతం.

నవల బలం దాని ఓపికలో ఉంది. గొర్రె ఎక్కడ ఆగుతుంది, ఎందుకు బెదురుతుంది, నీళ్లు ఏ వంకలో ఉంటాయి, రాత్రి మంద చుట్టూ ఎవరు ఎటు పడుకోవాలి వంటివన్నీ కథకు అడ్డం రావు, అవే కథ. చదువుతుండగా పాఠకుడు కూడా ఆ కుర్రవాడితో పాటు నెమ్మదిగా నేర్చుకుంటాడు. పులి భయం మొదటి రోజున్నట్టు పదో రోజు ఉండదు. ఆ మార్పు ఒక్క సంఘటనలో వచ్చింది కాదు, పొద్దుపోయేదాకా నడిచిన నడకల్లో వచ్చింది. రెండు గంటల చిల్లర నిడివిలో సినిమా ఆ రోజులన్నీ నడవలేదు. కాబట్టి దానికి ఆ మార్పును మోసే మనిషి ఒకరు కావలసి వచ్చింది. నవలలో లేని ఓబులమ్మ అలా వచ్చింది. నవల అభిమానులు ఆమె మీద విరుచుకుపడ్డారు. నేను వాళ్లతో సగమే ఏకీభవిస్తాను. అడవి తెలిసిన ఆడపిల్ల తెర మీద ఉండటం తప్పు కాదు. నిజానికి మేత, కట్టె, నీరు గురించి ఎక్కువ తెలిసేది ఆడవాళ్లకే. తప్పెక్కడంటే, ఆమె వచ్చాక కుర్రవాడికి ధైర్యం అడవి ఇచ్చిందా ప్రేమ ఇచ్చిందా అన్నది తేలకుండా పోయింది. నవలలో ఆ సందేహానికి చోటే లేదు.

ఇంకొకటి ఉంది, కొండల్లో బతికేవాళ్లు తప్ప మిగతావాళ్లు దాన్ని పట్టించుకోరు. ఈ సినిమాను చాలావరకు వికారాబాదు అడవుల్లో తీశారు. కరోనా రోజులు, అనుమతుల ఇబ్బందులు, పులుల అభయారణ్యంలో షూటింగు కుదరకపోవడం వంటి కారణాలు నేను ఊహించుకోగలను. కానీ ఆకును బట్టి చోటు చెప్పగలిగే జనం ఈ దేశంలో లక్షల్లో ఉన్నారు. నల్లమల మనిషికి తన కొండ కాదని మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. తెలిశాక ఆ కథ తనది అన్న నమ్మకం కొంచెం సడలుతుంది. నవలలో చెట్టు పేరు రాస్తే ఆ చెట్టే నిలబడుతుంది. తెర మీద ఏ చెట్టు కనిపిస్తే అదే ఉంటుంది, పేరు మార్చి చెప్పినా కుదరదు. తెరకు స్థలం విషయంలో బాధ్యత ఎక్కువ అనేది ఇందుకే. మా వైపు శీతకాలంలో వలిసె పూల చేలల్లో పాటలు తీస్తుంటారు. పసుపు రంగు తెరకు అందం. ఆ పూల వెనక నూనె గింజ ఉందని, అది ఒక కుటుంబం చేతికి నాలుగు రూపాయలు తెచ్చే పంట అని ఏ పాటలోనూ తెలియదు.

అయినా ‘కొండపొలం’ సినిమాను నేను తీసిపారెయ్యను. మంద కదిలే చప్పుడు, రాత్రి కొండ మీద గాలి, కాపరుల కేకలు నవల చదివేటప్పుడు ఎవరికి వాళ్లు ఊహించుకోవలసినవి. గొర్రెల మంద దగ్గర ఎన్నడూ నిలబడని పట్నం పాఠకుడి ఊహకు అందనివి. సినిమా వాటిని చెవికి ఇచ్చింది. తండ్రి గురప్పగా సాయిచంద్ కనిపించినప్పుడు నాకు నలభై ఏళ్ల కిందటి ఇంకో సినిమా గుర్తుకొచ్చింది.

ఆ సినిమా ‘మాభూమి’. గౌతమ్ ఘోష్ 1979లో తీశాడు. బి. నర్సింగరావు, రవీంద్రనాథ్ నిర్మాతలు. అందులో కథానాయకుడు రామయ్య ఇదే సాయిచంద్. మూలం కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’. ఉరికంబం ఎక్కబోయే యువకుడు తన బతుకును తలచుకోవడం ఆ నవల నడక. రాసినవాడు మహా రచయితే. కానీ అందులో తెలంగాణ రైతు ఉర్దూ సాహిత్య భాషలో ఆలోచిస్తాడు, దానికి రచయిత చెయ్యగలిగింది ఏమీ లేదు. సినిమా వాళ్లు మెదక్ జిల్లా మంగళపర్తి ఊరికి వెళ్లారు. ఊరి జనాన్నే నటులుగా తీసుకున్నారు. వాళ్ల యాసను, పాటను, గడీ ముందు నిలబడే తీరును అలాగే తెర మీదికి తెచ్చారు. ఉరికి ముందు రాత్రి అనే నవల చట్రాన్ని వదిలేసి, ఊరి కథగా వరసలో చెప్పారు. మూలానికి విశ్వాసంగా లేదని ఎవరైనా అంటే అనొచ్చు. నా లెక్కలో తెలుగులో నవలను మించిన సినిమా అదే. నవల తన భాష వల్ల దూరంగా నిలబడి చెప్పిన మనుషుల నోరును సినిమా తిరిగి వాళ్లకే ఇచ్చింది. మొదట్లో నేను అన్నది ఇదే. కొండల విషయంలో ఈ పని చేసిన సినిమా మనకు ఇంకా రావాలి.

వేరే రాష్ట్రాల వాళ్లు ప్రయత్నించారు, తడబడ్డారు కూడా. ఒడియా రచయిత భగవతీచరణ్ పాణిగ్రాహి ‘శికార్’ చిన్న కథ. అడవి జంతువును చంపి తెస్తే దొర బహుమతి ఇచ్చేవాడు. అన్నిటికన్నా క్రూర జంతువు అనుకుని షావుకారి తల నరికి తెచ్చిన వేటగాడు ఈసారి పెద్ద బహుమతి వస్తుందని నిలబడతాడు. ఉరిశిక్ష పడుతుంది. కథ బలమంతా అతని మనసు నిబ్బరంలో ఉంది. తాను తప్పు చేశానన్న ఊహే అతనికి లేదు. మృణాల్ సేన్ 1976లో దాన్ని ‘మృగయా’గా తీశాడు. మిథున్ చక్రవర్తి మొదటి సినిమా అది, జాతీయ అవార్డు వచ్చింది. సేన్ వేటగాడికి పెళ్లాన్ని, ఊరిని, తిరుగుబాటుదారుడిని ఇచ్చి కథను వెడల్పు చేశాడు. ఆ వెడల్పు నాకు నచ్చింది. కానీ మనుషులు మాట్లాడేది హిందీ. సత్యజిత్ రాయ్ 1970లో సునీల్ గంగోపాధ్యాయ నవల ‘అరణ్యేర్ దిన్‌రాత్రి’ తీసినప్పుడు సంతాలు అమ్మాయి పాత్రకు సిమీ గరేవాల్‌ను తీసుకుని ఒళ్లంతా నలుపు పులిమాడు. నలుగురు పట్నం యువకుల గుణగణాలను అంత సూక్ష్మంగా చూపించిన రాయ్ అంతటివాడికి, ఆ అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి రంగు పూస్తే చాలనిపించింది. నవలలో ఒక వర్ణన తేలిపోతే పాఠకుడి ఊహ దాన్ని సరిదిద్దుకుంటుంది. తెర మీద పూసిన రంగును ఏ ఊహా కడగలేదు.

మన మన్యానికి తెర మీద ఒక పెద్ద కథ దక్కింది. 1974 మే 1న విడుదలైన ‘అల్లూరి సీతారామరాజు’ నవల మీద తీసింది కాదు. త్రిపురనేని మహారథి రాత, కృష్ణ పట్టుదల, చింతపల్లి అడవుల్లో చిత్రీకరణ. దర్శకుడు వి. రామచంద్రరావు మధ్యలోనే కన్నుమూస్తే మిగతాది పూర్తి చేశారు. శ్రీశ్రీకి ఆ సినిమా పాట జాతీయ అవార్డు తెచ్చింది. ఇప్పుడు ఈ జిల్లా పేరే అల్లూరి సీతారామరాజు జిల్లా, 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. ఆ సినిమా మీద ఇక్కడి జనానికి ఉన్న గౌరవం నాకూ ఉంది. దాన్ని ఇక్కడ ఎందుకు తలుస్తున్నానంటే, ఆ పోరాటంలో గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు ఉన్నారు. మల్లుదొర శిక్ష అనుభవించి తిరిగి వచ్చి, 1952 ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు. కొండ మీద తిరుగుబాటు చేసిన మనిషి పార్లమెంటులో కూర్చున్న ఆ ముప్ఫై ఏళ్ల బతుకు ఒక పెద్ద నవలకు సరిపోతుంది. సినిమా వేగం ఆ ముప్ఫై ఏళ్లను మోయలేదు, దానికి పుస్తకమే కావాలి. ఏ పని ఏ రూపానిదో తెలుసుకోవడం ఈ పోలికలో నాకు అసలు ముఖ్యం.

ఇటీవలిది ‘ఘాటి’. 2025 సెప్టెంబరు 5న వచ్చింది. కథ విశాఖ రచయిత చింతకింది శ్రీనివాసరావుది, దర్శకుడు మళ్లీ క్రిషే. తూర్పు కనుమల దారుల్లో గంజాయి మూటలు మోసే మనుషుల మీద, శీలావతిగా అనుష్క, దేశిరాజుగా విక్రమ్ ప్రభు. మోసేవాడికి దక్కేది కూలి, పట్టుబడితే జైలు. లాభం ఎక్కడో కింద ఉన్నవాడిది. 2021లో మొదలైన ఆపరేషన్ పరివర్తనలో పోలీసులు ఏజెన్సీ అంతటా గంజాయి తోటలు నరికారు. పంట పోయింది గానీ, జైలుపాలైన కుర్రవాళ్ల ఇళ్లల్లో బాధ అలాగే ఉంది. ఈ విషయాన్ని తెలుగు తెర పట్టుకోవడమే సాహసం, అందుకు నేను కృతజ్ఞుణ్ణి. అయితే భర్తను చంపినవాళ్ల మీద భార్య పగ అనే బాట పట్టగానే సినిమా మనకు బాగా తెలిసిన సినిమా అయిపోయింది. మూట మోసిన భుజం ఎలా ఉంటుంది, ఆ రాత్రి ఇంట్లో ఏం తిన్నారు, మొదటిసారి ఒప్పుకోవడానికి ఎంత అప్పు కారణం అన్నవి పక్కకు పోయాయి. అవి నవల అడిగే ప్రశ్నలు. ప్రధానంగా వినిపించిందీ తెలుగే.

వేరే భాష వినిపిస్తే జనం చూస్తారా అని నిర్మాత అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే, డబ్బు అతనిది. మార్టిన్ స్కార్సెసీ 2023లో ‘కిల్లర్స్ ఆఫ్ ది ఫ్లవర్ మూన్’ తీశాడు. మూలం డేవిడ్ గ్రాన్ 2017లో రాసిన పుస్తకం. నూనె బావుల సంపద కోసం ఓసేజ్ తెగవాళ్లను వరసగా చంపిన నిజ కథ అది. పుస్తకంలో దర్యాప్తు అధికారికి పెద్ద పీట ఉంది. సినిమా దాన్ని మార్చి తెగ ఆడపిల్ల మోలీ, ఆమె తెల్ల భర్త కాపురాన్ని మధ్యలో పెట్టింది. తెగ పెద్దలతో ముందే కూర్చుని మాట్లాడారు, వాళ్ల నేల మీదే తీశారు, నటులు ఓసేజ్ భాష నేర్చుకుని మాట్లాడారు. అంత చేసినా, భాష నేర్పిన సలహాదారుల్లో ఒకరు ఈ కథ మోలీ వైపు నుంచి ఇంకా చెప్పాల్సిందని బహిరంగంగానే అన్నాడు. ఆ మాట అనగలిగే చోటు అతనికి ఆ సినిమాలో దొరికింది. ఇక చూసేవాళ్ల సంగతి అంటారా, కొరియా, మలయాళ సినిమాలు కింద అక్షరాలు చదువుతూ తెలుగువాళ్లు ఫోన్లలో చూస్తున్నారు. కువి మాత్రం ఎందుకు కష్టమవుతుంది?

మూలం కోసం వెతుక్కోవలసిన పని కూడా లేదు. మన గట్టు దాటితే కోరాపుట్. అక్కడ ప్రభుత్వోద్యోగిగా పనిచేసిన గోపీనాథ్ మహంతి 1945లో ‘పరజా’ రాశాడు. వెట్టిలో ఇరుక్కున్న సుక్రు జాని కుటుంబం కథ అది. తర్వాత కోందుల బతుకు మీద ‘అమృతర సంతాన’ రాశాడు. 1955లో సాహిత్య అకాడమీ మొదటిసారి అవార్డులు ఇచ్చినప్పుడు ఒడియాలో దానికే వచ్చింది. పురిపండా అప్పలస్వామి దాన్ని తెలుగులోకి తెచ్చారు. హుకుంపేట, డుంబ్రిగుడ వైపు ఉన్న కోందులూ ఆ నవలలోని వాళ్లూ ఒకే జనం, రాష్ట్రాల గీత మధ్యలో పడిందంతే. ఊరి పెద్ద మరణంతో మొదలై అతని కొడుకు, కోడలు పుయుల మీదుగా నడిచే ఆ నవలలో పంటలు, పండుగలు, రోగాలు, షావుకారు, అన్నీ ఉన్నాయి. మహంతి ఎంత కువి తెలిసినవాడైనా వాళ్లను ఒడియాలో మాట్లాడించాడు, పురిపండా తెలుగులో మాట్లాడించారు. పుయు తన భాషలో మాట్లాడటం ఇంతవరకూ ఎవరూ విననిది. మల్లిపురం జగదీశ్ ‘శిలకోల’ వంటి పుస్తకాలతో ఆదివాసీ సమాజం నుంచే రచయితలు వస్తున్న కాలం ఇది. వాళ్ల కథలకూ అదే వర్తిస్తుంది.

మాటలు ఎవరు రాస్తారన్నది ఇంకో సందేహం. ఉమ్మడి రాష్ట్రంలో బహుభాషా విద్య కింద ఎనిమిది గిరిజన భాషల్లో ఒకటో తరగతి నుంచి వాచకాలు తయారు చేశారు. వాటిలో కువి, కొండ, ఆదివాసీ ఒడియా ఉన్నాయి. లిపి తెలుగే. ఆ వాచకాల కోసం ఊళ్లల్లో తిరిగి పాటలు, పొడుపు కథలు, పిల్లల మాటలు పోగు చేసిన ఉపాధ్యాయులు, భాషా వాలంటీర్లు ఏజెన్సీ మండలాల్లో ఉన్నారు. సినిమాకు కువి సంభాషణలు రాయగలవాళ్లు వాళ్లే. నటులకు ఉచ్చారణ నేర్పగలవాళ్లూ వాళ్లే. చైత్రంలో ఇటుకల పండుగకు మగవాళ్లు వేటకు పోయే రోజుల్లో, ఆడవాళ్లు దారికి అడ్డంగా కట్టె పెట్టి వచ్చేపోయేవాళ్ల దగ్గర డబ్బులు అడిగే రోజుల్లో యూనిట్ ఇక్కడికి రావాలి. సెట్టు వేసిన పండుగ పనికిరాదు. స్క్రిప్టు మొదటి ప్రతిని హైదరాబాదులో కాకుండా ఇక్కడ చదివించాలి. ఈ మాట మా ఆడవాళ్లు ఇలా అనరు అని ఎవరైనా చెప్తే, ఆ మాట మార్చాలి.